ఇల్లు ఖాళీ చేయించాలన్నా, చేయాలన్నా: నోటీసు నుంచి తాళంచెవుల దాకా

మేం అద్దెకున్న రోజుల్లో ఒకసారి పెళ్ళికని ఊరెళ్ళి, నాలుగో రోజు రాత్రి తిరిగొచ్చాం. మా తాళం పక్కనే ఇంకో తాళం వేలాడుతోంది. రెండు నెలల అద్దె బాకీ ఉన్నమాట నిజమే. కానీ పాప పుస్తకాలు, నాన్న షుగరు మందులు అన్నీ లోపలే ఉన్నాయి. ఆ రాత్రి ఓనరు గుమ్మం ముందు నిలబడి బతిమాలుకున్నాను. ఆయన చేసింది చట్టం ఒప్పుకోని పని అని నాకు అప్పుడు తెలియదు.

చాలా ఏళ్ళ తర్వాత మేమే ఓనర్లమయ్యాం. అమ్మ పేరు మీదున్న ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఏడు నెలలు అద్దె కట్టలేదు. "కరెంటు తీయించేయండి, వాళ్ళే పోతారు" అని మా బంధువొకాయన సలహా ఇచ్చాడు. నాకు ఆ పాత తాళం గుర్తొచ్చింది. పద్ధతిగా నోటీసిచ్చాం, కాస్త ఆలస్యమైనా ఇల్లు చేతికొచ్చింది. రెండు వైపులా నిలబడి చూశాను కాబట్టి, ఓనర్లకూ అద్దెకున్నవాళ్ళకూ కలిపే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది మన దేశపు చట్టం, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలవాళ్ళకు పనికొచ్చేది.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఖాళీ చేయమని నోటీసు అందిన రోజు నుంచి రోజుల లెక్క మొదలవుతుంది. ఆ రోజు ఏదో చూపించే కాగితం ఎవరి దగ్గరుంటే, తర్వాత వాళ్ళ మాటకు బలం ఉంటుంది.

ముందు అగ్రిమెంటు బయటికి తీయండి

బీరువాలో ఉన్న అద్దె ఒప్పందాన్ని తీసి మూడు చోట్ల గీత పెట్టుకోండి. గడువు ఎప్పటిదాకా ఉంది? ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలని రాసుకున్నారు? రిజిస్టరు చేయించారా?

నోటీసు గడువు రాసుకుని ఉంటే మామూలుగా అదే చెల్లుతుంది. రెండు నెలలని ఇద్దరూ సంతకం పెట్టాక, చట్టంలో 15 రోజులే ఉంది కదా అని ఓనరు వాదిస్తే కుదరదు. ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ వర్తిస్తుంది. ఇల్లు గానీ దుకాణం గానీ అయితే దాన్ని నెలనెలా సాగే అద్దెగా లెక్కేస్తారు. ముగించాలంటే 15 రోజుల నోటీసు చాలు. వ్యవసాయానికో వస్తువుల తయారీకో ఇచ్చినదైతే ఏడాదికేడాది సాగే లీజుగా చూస్తారు, 6 నెలల నోటీసు కావాలి. ఈ నియమం రెండు పక్షాలకూ ఒకటే. అద్దెకున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా సామాను సర్దుకుని వెళ్ళిపోకూడదు, వాళ్ళూ అన్ని రోజుల ముందు చెప్పాల్సిందే.

రిజిస్ట్రేషన్ దగ్గర చాలామంది పొరబడతారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేసి తీరాలి. అందుకే 11 నెలల అగ్రిమెంట్లు రాసుకుంటారు. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్టరు చేసినట్టు కాదు. మూడేళ్ళకని రాసుకుని నోటరీతో సరిపెట్టారనుకోండి, ఆ మూడేళ్ళ హామీని కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం. అద్దె తీసుకుంటూ, ఇస్తూ ఉన్నందుకు దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తారు.

గడువు విషయంలో ఇంకో మెలిక ఉంది. 11 నెలల మధ్యలో, అగ్రిమెంటులో ఆ వెసులుబాటు రాసుకోకపోతే, ఓనరు 15 రోజుల నోటీసిచ్చి ముగించలేడు. 11 నెలలు నిండాయంటే ఒప్పందం దానంతటదే ముగుస్తుంది, దానికి నోటీసు అక్కర్లేదు. అయితే నిండాక కూడా ఓనరు పన్నెండో నెల అద్దె మాట్లాడకుండా తీసుకుంటే మళ్ళీ నెలవారీ అద్దె మొదలైనట్టే. అప్పుడిక 106 కింద నోటీసు ఇవ్వాల్సిందే. "అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, నోటీసెందుకు" అనే ఓనర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది. దాని పరిధిలోకొచ్చే ఇల్లయితే కేసు రెంట్ కంట్రోలర్, అంటే ఆ చట్టం కింద అద్దె గొడవలు తేల్చే అధికారి ముందు నడుస్తుంది. కానీ 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు దాని కిందికి రావు. కొత్తగా కట్టిన భవనాలకు కూడా కొన్నేళ్ళు మినహాయింపు ఉంది. ఈ రోజుల్లో అంత తక్కువ అద్దెకు దొరికే ఇళ్ళెన్ని? కాబట్టి ఎక్కువమందికి వర్తించేది ఆస్తి బదిలీ చట్టమే, వెళ్ళాల్సింది సివిల్ కోర్టుకే. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెల మీద సొంతంగా వేరే చట్టం చేసుకుంది. అక్కడివాళ్ళు నోటీసు రాయించే ముందు లాయరుతో ఆ చట్టం చూపించుకోండి.

అద్దె నియంత్రణ కిందికొచ్చే ఇల్లయితే ఊరికే ఖాళీ చేయమంటే కుదరదు, చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని వేరే పనికి వాడటం, ఇల్లు పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం, ఓనరు తానుండటానికే నిజంగా ఇల్లు కావాల్సి రావడం, ఇలాంటివి. అద్దె ఎగ్గొట్టినట్టు ఎప్పుడవుతుందో కూడా చట్టమే చెప్పింది: ఒప్పందంలో రాసుకున్న తేదీ దాటి 15 రోజులు, తేదీ రాసుకోకపోతే మరుసటి నెల ఆఖరి రోజు. ఈ కేసులకు 106 సెక్షన్ నోటీసు తప్పనిసరి కాదని 1979లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అయినా ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. కోర్టు గుమ్మం ఎక్కకుండానే తెమిలిపోయే గొడవలు చాలా ఉంటాయి.

అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె కట్టాలని ఫార్వర్డ్ మెసేజీలు తిరుగుతుంటాయి. అవి 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోవి. నమూనా అంటే నమూనాయే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. ఆ మెసేజీని నమ్ముకుని నోటీసు రాయకండి.

నోటీసు రాయడం

లాయరుతో రాయిస్తే మేలు, కానీ ఓనరే రాసి సంతకం పెట్టినా చెల్లుతుంది. రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ళదో వాళ్ళ తరఫున ఇచ్చేవాళ్ళదో సంతకం ఉండాలి, ఇంతే చట్టం అడిగేది. మేం పంపినదాని సారాంశం ఇది, పేర్లు, తేదీలు మార్చి:

"ఇంటి నంబరు ఫలానా, రెండో అంతస్తులోని రెండు గదులు, వంటగది, స్నానాలగది మీకు నెలవారీ అద్దెకు ఇచ్చాం. అద్దె నెల ఒకటో తేదీన మొదలై ఆఖరి తేదీతో ముగుస్తుంది. ఈ నోటీసు ద్వారా మీ అద్దె హక్కును ముగిస్తున్నాం. ఇది అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా ఇల్లు ఖాళీ చేసి స్వాధీనం అప్పగించాలి. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా అద్దె బకాయి ఇంత ఉంది. గడువు దాటి ఉంటే అక్రమంగా ఉన్నట్టే భావించి, స్వాధీనం కోసం, బకాయి కోసం, నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్తాం."

ఇందులో అసలు బలం "అద్దె హక్కును ముగిస్తున్నాం" అన్న వాక్యానిదే. "త్వరగా ఖాళీ చేయగలరని మనవి", "అద్దె పెంచకపోతే ఖాళీ చేయాల్సి వస్తుంది" లాంటి మాటలతో అద్దె ముగిసినట్టు కాదు. కోపంతో తిట్లు రాయకండి, రేపు జడ్జిగారి చేతిలోకి వెళ్ళేది ఆ కాగితమే. చట్టం 15 రోజులంటున్నా నేను 30 రోజులివ్వమంటాను. పిల్లల బడి, కొత్త ఇల్లు వెతుక్కోవడం, అడ్వాన్సుకు డబ్బు సర్దుకోవడం ఇవన్నీ రెండు వారాల్లో ఎవరికీ తెమలవు. పైగా రోజుల లెక్క మీద వాదన రాకుండా పోతుంది.

లెక్క ఎలాగంటే, నోటీసు జూన్ 5న చేతికందితే 15 రోజులు 20తో నిండుతాయి. పంపిన తేదీ కాదు, అందిన తేదీయే చూడాలి. పొరపాటున పది రోజులే రాశారనుకోండి, అంతమాత్రాన నోటీసు చెల్లకుండా పోదు. 2002 చివర్లో వచ్చిన సవరణ ప్రకారం, అసలు గడువు నిండాక దావా వేస్తే ఆ తప్పు అడ్డురాదు.

పంపడం, రుజువు దాచుకోవడం

పోస్టులో పంపవచ్చు. మనిషికి స్వయంగా ఇవ్వవచ్చు. ఆయన లేకపోతే ఇంట్లోవాళ్ళకో పనివాళ్ళకో ఇవ్వవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇంటి మీద కనిపించేచోట అంటించవచ్చు. పోస్టయితే డెలివరీ రుజువు వచ్చే పద్ధతిలో పంపండి. తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి, కౌంటరు దగ్గర సంతకం చేసిన డెలివరీ రుజువు కావాలని అడిగి తీసుకోండి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు, నోటీసు కాపీ మూడూ ఒకే కవరులో పెట్టి దాచండి. చేతికిచ్చేటట్టయితే రెండో కాపీ మీద "అందింది" అని రాయించి తేదీ, సంతకం తీసుకోండి. వాట్సాప్‌లో కూడా పంపితే తప్పేమీ లేదు, కానీ దాని మీదే ఆధారపడకండి.

నోటీసిచ్చాక ఓనర్లు చేసే తప్పొకటుంది. గడువు దాటాక కూడా మామూలుగా అద్దె తీసుకుని రసీదిస్తారు. నోటీసును మీరే వదులుకున్నారని అవతలి లాయరు వాదించడానికి ఆస్తి బదిలీ చట్టంలోని 113వ సెక్షన్ వీలిస్తుంది. డబ్బు తీసుకోవాల్సి వస్తే "ఖాళీ చేయమన్న నోటీసుకు భంగం లేకుండా, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా" అని రసీదులో రాయండి. ఖాతాలోకి నేరుగా వస్తే అదే మాట ఉత్తరంగా రాసి పంపండి.

చేతికి నోటీసు వస్తే

ఇది అద్దెకున్నవాళ్ళకు. ముందు టెన్షన్ పడకండి. నోటీసు గడువు ముగిసిన మర్నాడు మిమ్మల్ని ఎవరూ బయటికి నెట్టలేరు. కోర్టు తీర్పు, దాని అమలు ఉత్తర్వు లేకుండా మీ సామాను కదిలించే హక్కు ఓనరుకు లేదు, పోలీసులకూ లేదు.

పోస్ట్‌మ్యాన్ తెచ్చిన కవరు తీసుకోనని చెప్పకండి. సరైన చిరునామాకు పంపిన కవరును తిరస్కరిస్తే అందినట్టే లెక్క. తీసుకోండి, అందిన తేదీని కవరు మీదే పెన్నుతో రాయండి. తర్వాత జవాబివ్వండి. బకాయి లెక్క తప్పయితే కట్టిన తేదీలు, యూపీఐ నంబర్లతో సహా రాయండి. మౌనంగా ఉంటే ఓనరు రాసినదంతా ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. ఖాళీ చేయడానికి సిద్ధమే అయితే ఆ మాటా రాసి, పరీక్షలయ్యేదాకానో కొత్త ఇల్లు దొరికేదాకానో ఫలానా తేదీ వరకు గడువు అడగండి. తేదీ రాసి అడిగితే ఒప్పుకునే ఓనర్లు చాలామంది ఉంటారు.

గొడవ నడుస్తున్నా అద్దె మాత్రం ఆపకండి. ఇది నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే న్యాయం తమవైపే ఉన్నవాళ్ళు కూడా అద్దె ఆపేసి కేసు పోగొట్టుకుంటారు. ఓనరు కావాలనే తీసుకోవడం మానేస్తే బ్యాంకు ద్వారా పంపండి. తెలంగాణ అద్దె నియంత్రణ చట్టం కింద ఉన్న ఇల్లయితే ఒక వరుస ఉంది: ఏ బ్యాంకులో వేయమంటారో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. 10 రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేస్తామని దరఖాస్తు పెట్టాలి. ఎప్పుడూ నగదుగా ఇచ్చేవాళ్ళయితే ఈ నెల నుంచే మానేయండి. మా తాళం రోజున నా దగ్గర ఒక్క రసీదు కూడా లేదు.

తాళం వేస్తే, నీళ్ళు ఆపితే

కరెంటు తీయించడం, మోటారు ఆపేయడం, తలుపులు ఊడదీయడం, మనుషుల్ని తెచ్చి బెదిరించడం ఇవేవీ ఓనరు హక్కులు కావు. అలాంటిది జరిగితే అక్కడికక్కడే ఫొటోలు, వీడియోలు తీసి, 112కు ఫోన్ చేసి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ గొడవ" అని పంపించేసినా మీ ఫిర్యాదు కాపీ తర్వాత కోర్టులో పనికొస్తుంది. జరుగుతుందని ముందే భయముంటే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఓనరును ఆపే ఉత్తర్వు కోరవచ్చు.

బయటికి నెట్టేసినా దారి మూసుకుపోదు. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలోని 6వ సెక్షన్ కింద, చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించినవాళ్ళు తిరిగి స్వాధీనం కోరవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. కానీ గెంటేసిన రోజు నుంచి 6 నెలల్లో వేయాలి. ఓనర్లూ ఇది గమనించండి. బలవంతంగా ఖాళీ చేయించిన ఇంటి తాళాలు మళ్ళీ అద్దెకున్నవాళ్ళకే ఇచ్చి, అసలు దావా మొదటినుంచీ వేసుకోవాల్సి రావచ్చు.

కోర్టుకు వెళ్తే

గడువు నిండినా కదలకపోతే ఓనరు స్వాధీనం, బకాయి, నష్టపరిహారం కలిపి దావా వేస్తారు. అద్దె బకాయికి మూడేళ్ళ కాలపరిమితి ఉంది, దానికంటే పాతది వదులుకోవాల్సిందే. ఇల్లు అన్నదమ్ములదో అక్కచెల్లెళ్ళదో ఉమ్మడిగా ఉంటే, మిగతావాళ్ళు అడ్డుచెప్పనంతవరకు ఒక్కరే వేయవచ్చు. అద్దెకున్నవాళ్ళు తెలియకుండా స్టే తెచ్చుకుంటారేమోనని అనుమానమున్న ఓనరు ముందే కేవియట్, అంటే తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోరే పిటిషన్ వేసుకోవచ్చు, అది 90 రోజులు పనిచేస్తుంది.

అద్దెకున్నవాళ్ళకు సమన్లు వస్తే 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతితో 90 రోజుల దాకా పొడిగించవచ్చు. వెళ్ళకపోతే ఏకపక్షంగా తీర్పొస్తుంది. ఒప్పందం ఉల్లంఘించారన్న కారణంతో గడువు మధ్యలోనే లీజు రద్దు చేసి, అది కేవలం అద్దె కట్టనందుకే అయితే, విచారణ నాటికి బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేసినవాళ్ళకు కోర్టు ఊరట ఇవ్వగలదు. తీర్పు వచ్చాక కూడా ఖాళీ చేయకపోతే ఓనరు అమలు పిటిషన్ వేస్తారు. అప్పుడు వచ్చేది కోర్టు ఉత్తర్వును అమలుచేసే ఉద్యోగి (కోర్టు అమీన్), ఓనరు మనుషులు కాదు.

ఇదంతా ఏళ్ళు పట్టవచ్చు. అందుకే దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించమని రెండు పక్షాలకూ చెప్తాను. అక్కడ కుదిరిన రాజీ కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు అక్కడే ఉచితంగా లాయరు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100. మాదీ చివరికి రాజీతోనే తేలింది. ఏడు నెలల్లో మూడు నెలల అద్దె వదులుకున్నాం, వాళ్ళు చెప్పిన తేదీకి వెళ్ళిపోయారు. అమ్మకు ఆ లెక్క నచ్చలేదు, నాకైతే ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది.

ఓనర్లను అన్నిటికంటే భయపెట్టేది "పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందట" అన్న మాట. అద్దెకు దిగినవాళ్ళు, అద్దె నడుస్తున్నంతకాలం, ఆ ఇంటి మీద ఓనరుకు హక్కే లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఇరవై ఏళ్ళున్నా అద్దెకున్నట్టే. పన్నెండేళ్ళ లెక్క వేరేచోట ఉంది. అద్దె ముగిశాక స్వాధీనం కోసం దావా వేయడానికి ఓనరుకుండే కాలపరిమితి అది. నోటీసిచ్చి ఊరుకుండిపోకూడదు.

మధ్యలో ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ళే కొత్త ఓనరు, అద్దె అలాగే సాగుతుంది. అమ్మిన సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టినవాళ్ళు మళ్ళీ కట్టక్కర్లేదు.

తాళంచెవులిచ్చే రోజు

సామాను వెళ్ళిపోయాక, ఖాళీ గదుల్లో ఇద్దరూ కలిసి నడవండి. ప్రతి గదినీ, గోడలనూ, కుళాయిలనూ వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఆఖరి బిల్లు ఎవరు కడతారో అక్కడే తేల్చుకోండి. అడ్వాన్సులో ఏమైనా కోత పెడితే దేనికెంతో కాగితం మీద రాయండి. "రంగులకు, రిపేర్లకు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే గొడవ మళ్ళీ మొదలవుతుంది. మామూలు వాడకంతో వెలిసిన రంగు వేరు, పగిలిన సింకు వేరు.

ఆఖరున ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి: ఫలానా తేదీన, ఇన్ని గంటలకు ఇల్లు ఖాళీ చేసి ఇన్ని తాళంచెవులు అప్పగించాం, అద్దె బకాయి ఇంత లేదా ఏమీ లేదు, అడ్వాన్సులో ఇంత తిరిగి ముట్టింది. ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక కాపీ తీసుకోండి. అడ్వాన్సు తర్వాత వేస్తానని ఓనరంటే ఏ తేదీకో అదే కాగితంలో రాయించుకుని, ఆ తర్వాతే తాళంచెవులు చేతిలో పెట్టండి.